మిషన్ మానమని రాసిన వాక్యం

ఆ ఆదివారం నేను సండే స్కూల్లో పాఠం చెబుతున్నాను. బెంగళూరు బొమ్మనహళ్ళిలో మా తెలుగు సంఘం కూడుకునే హాలు వెనక ఒక చిన్న గది ఉండేది, అందులో పదిహేనుమంది పిల్లలు. మన లేఖనాలు దేవుడిచ్చినవని ఎందుకు నమ్ముతాం అన్నది ఆ రోజు పాఠం. రాజులు, గొర్రెల కాపరులు, చేపలు పట్టేవాళ్ళు, ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు, ఎన్నో తరాల ఎడంలో రాశారు. అయినా అందరూ కలిసి ఒకే కథ చెప్పారు. ముందుగా చెప్పిన సంగతులు తర్వాత జరిగాయి. యేసుప్రభువే పాత లేఖనాలను తండ్రి మాటగా ఎంచాడు. ఇవన్నీ బోర్డు మీద రాసి పిల్లలచేత చదివించాను. అప్పటికే నోరంతా ఇనుము చప్పరించినట్టుంది. ప్రార్థన ముగించి బయటికొచ్చి గోడవారగా వాంతి చేసుకున్నాను. చెప్పులు వేసుకోబోతే పాదాలు వాచి, పట్టలేదు.

నాకప్పుడు ముప్పై నాలుగేళ్ళు. ఒంగోలు దగ్గరి పల్లె నుంచి పెళ్ళై బెంగళూరు వచ్చాను. మా ఆయన ప్రభాకర్ చందాపుర దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటరు. నేను గార్మెంట్స్‌లో చెకింగ్ సెక్షన్‌లో ఉండేదాన్ని. హోసూరు రోడ్డు పొడవునా కంప్యూటరు కంపెనీలు లేస్తున్న రోజులవి. చాలా నెలలుగా ఒంట్లో అలసట ఉంది. రోజంతా నిలబడి చేసే పని కదా అని సరిపెట్టుకున్నాను. పొద్దున లేస్తే కళ్ళ కింద ఉబ్బుగా ఉండేది. నిద్ర ఎక్కువైందని పక్కవాళ్ళు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని.

మా వీధి చివరి డాక్టరు బీపీ చూశాడు. నమ్మకం కలగనట్టు ఇంకో చేతికి కట్టి మళ్ళీ చూశాడు. వెంటనే పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు. అక్కడ రక్తం, యూరిన్, అల్ట్రాసౌండ్ అన్నీ అయ్యాక నెఫ్రాలజీ డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. కన్నడావిడ, తెలుగు కొంచెం వచ్చు.

"క్రియాటినిన్ చాలా హై ఉందమ్మా. రెండు కిడ్నీలూ చిన్నవైపోయినాయి. ఇది ఎండ్ స్టేజ్."

మందులతో తగ్గదా అని ప్రభాకర్ అడిగాడు. తగ్గేది కాదని, ఇక డయాలిసిస్ చేయించుకోవడం లేదా ట్రాన్స్‌ప్లాంట్, ఈ రెండే ఉన్నాయని చెప్పింది. ప్రభాకర్ అదే ప్రశ్న వేరే మాటల్లో మళ్ళీ అడిగాడు. ఆవిడ విసుక్కోకుండా అదే జవాబు మళ్ళీ చెప్పింది.

ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేశారు. సూది గుచ్చడానికి వీలుగా రక్తనాళాలను కలిపి కుట్టడం అది. అది పనికొచ్చేదాకా మెడలో క్యాథెటర్ గొట్టం పెట్టారు. మంగళ, శుక్రవారాలు డయాలిసిస్, నాలుగేసి గంటలు. మిషన్ మీదుండగా పిక్కలు పట్టేసేవి, దిగాక తల పగిలిపోయేది. వాటన్నిటికన్నా దాహం కష్టం. రోజంతటికీ ఇన్ని గ్లాసుల నీళ్ళే తాగాలని లెక్క పెట్టారు. కుళాయి చప్పుడు వింటే ఏడుపొచ్చేది.

మా చెల్లెలు విమల కిడ్నీ ఇస్తానని వచ్చింది. బ్లడ్ గ్రూపు కలిసింది. వారాల తరబడి పరీక్షలు జరిగాయి, ఒక్కొక్కటీ బాగానే వచ్చింది. ఇంట్లో ఆ నెల మళ్ళీ మాటలు, నవ్వులు వినిపించాయి. చివరి పరీక్షలో క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ అన్నారు. పాజిటివ్ అంటే మంచిదనుకుని విమల నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు డాక్టరమ్మ చెప్పింది, ఆమె కిడ్నీ పెడితే నా శరీరం వెంటనే రిజెక్ట్ చేస్తుందని. తప్పు తనదన్నట్టు విమల వరండాలో నాకు క్షమాపణలు చెప్పుకుంది. ప్రభాకర్ గ్రూపు ముందే కలవలేదు. ఇవ్వగలిగినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆ దిగులులో ఉండగానే మా సంఘానికి బయటి ఊరినుంచి ఒక బోధకుడు వచ్చాడు. ఉపవాస ప్రార్థనలో నన్ను ముందుకు పిలిచి, స్వస్థత గురించిన వాక్యం తెరిచి నా వేలితోనే చూపించాడు.

"ఇది దేవుని నోటినుంచి వచ్చిన మాటేనా, కాదా?" అని అడిగాడు.

అవునన్నాను. పిల్లలకు నేను నేర్పిన పాఠమే కదా.

"అయితే మాట మీద సగం, మిషన్ మీద సగం నమ్మకం పెట్టకమ్మా" అన్నాడు.

మా పాస్టరుగారు తల దించుకుని ఉన్నారు. ఇంటికొచ్చాక ప్రభాకర్ వద్దన్నాడు, బతిమాలాడు. నేను వినలేదు. ఆ శుక్రవారం మానేశాను, మంగళవారం కూడా మానేశాను. బుధవారం పొద్దున పడుకోలేకపోయాను. కూర్చున్నా ఊపిరి అందదు, లోపల నీళ్ళు గలగలమంటున్నాయి. ఆటోలో ప్రభాకర్ ఆసుపత్రిదాకా నన్ను పట్టుకునే కూర్చున్నాడు.

ఐసీయూలో డాక్టరమ్మ వచ్చి, "లంగ్స్ నిండా ఫ్లూయిడ్. ఎవరు మానమన్నది?" అంది. ముఖానికి మాస్క్ ఉంది. లేకపోయినా చెప్పగలిగేదాన్ని కాదు.

బతికాను. ఇంటికొచ్చాక బైబిలు తీసి అలమరా పైన పెట్టేశాను. ఆ మాట దేవుడిదైతే నా నమ్మకం పనికిరానిది. నా నమ్మకం నిజమైతే ఆ మాట దేవుడిది కాదు. ఎటు తిప్పినా నాకేమీ మిగల్లేదు. మా ఇంట్లో సందేహం ఉందని, అందుకే స్వస్థత రాలేదని ఆ బోధకుడు కబురు పంపాడు. ప్రభాకర్ అప్పటినుంచి సంఘానికి రావడం మానేశాడు.

పాస్టరుగారు ఒక శుక్రవారం ఆసుపత్రికే వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. లేఖనాలను దేవుడు ఎవరి చెయ్యీ పట్టుకుని రాయించలేదమ్మా అన్నారు. ఆత్మ ప్రేరేపిస్తే మనుషులు తమ మాటల్లో, తమ కష్టాల్లో, తమ కాలంవాళ్ళ కోసం రాశారు, లేఖనాలు దైవావేశంవల్ల కలిగాయంటే అర్థం అది. ఎవరికి రాశారో, ఎందుకు రాశారో చూడకుండా ఒక ముక్క తెచ్చి నీ మీద పెట్టడం తప్పు అన్నారు.

"ఆ రోజే చెప్పాల్సింది. నోరు రాలేదు. ఆ పాపం నాదే సలోమీ."

ఆయన మీద నాకు కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలి.

నా పక్క మంచం మీద నాగమ్మ అనే ఆవిడ ఉండేది. యాభై దాటిన మనిషి. ఆనేకల్‌లో పట్టుమగ్గాల ఇల్లు, తాతల నాటినుంచి ఇంట్లో తెలుగే. డయాలిసిస్‌కు నాకన్నా రెండేళ్ళ ముందునుంచీ వస్తోంది. నా సంగతి నర్సుల దగ్గర విందట. పాస్టరుగారు వెళ్ళాక నావైపు తిరిగింది.

"ఆ పుస్తకంలో మిషన్ నిలపమని రాసుండాదా?"

లేదన్నాను.

"మరి లేనిది ఆయప్ప యాడ చదివినాడు?"

ఆమె దుప్పటి పైకి లాక్కుని, "అది దేవుడే ఇచ్చినాడని మీరెట్ల చెప్తారు? సుమ్మనే ఊరికే అడుగుతుండా, బేజారు పడొద్దు" అంది. పిల్లలకు చెప్పిందే చెప్పాను. ఎంతోమంది రాసినా ఒకే కథ అన్నచోట ఆమె తలాడించింది. నలుగురు వేరే వేరే మగ్గాల మీద నేసినా డిజైను ఒక్కరిదైతే పువ్వు ఒకటే వస్తుందని చెప్పింది.

"అయితే డిజైను గీసినాయప్పను నేను చూసుండాను. మీ ఆయప్పను మీరు చూళ్ళేదు కదమ్మా."

వచ్చేసారి ఆ పుస్తకం తెమ్మంది. అలమరా పైనుంచి దించి, దుమ్ము తుడిచి తీసుకెళ్ళాను. ఓదార్పు వాక్యాలు చదవడానికి నాకు మనసొప్పలేదు. బైబిల్లోని కీర్తనల్లో ఒకటుంది. మొదటినుంచి చివరిదాకా ఒక మనిషి దేవుడితో మొత్తుకోవడమే. పగలూ రాత్రీ పిలిచినా పలకవేమని అడుగుతాడు. నావాళ్ళను నాకు దూరం చేశావంటాడు. చివర్లో కూడా వెలుగు రాదు, చీకట్లోనే ఆగిపోతుంది. అది చదివాను.

నాగమ్మ నావైపు తల తిప్పింది.

"ఇదీ దేవుడే రాయించినాడా?"

అలాగే నమ్ముతామన్నాను.

"ఆయప్ప మీద చెప్పుకున్న మొరను ఆయప్ప పుస్తకంలోనే పెట్టించుకున్నాడా? వట్టి మనుషులే రాసుంటే ఈ ముక్క తీసేసుందురు, దేవుని పేరు చెడిపోతాదని."

ఇన్నేళ్ళు పాఠం చెప్పినా ఆ సంగతి నాకు తట్టలేదు. ఆమె మాత్రం వెంటనే, "నాకు నమ్మకం వచ్చిందనుకోవద్దు. మంగళవారం మళ్ళా అదే చదువు" అంది.

నాలుగైదు నెలలు అదే చదివాను. వేరేది చదవబోతే వద్దనేది. తర్వాత ఆమె ఫిస్టులా మూసుకుపోయింది. క్యాథెటర్ పెడితే ఇన్ఫెక్షన్ వచ్చింది. ఒకరోజు మిషన్ మీదుండగానే చలిజ్వరంతో మంచం ఊగేంతగా వణికింది, మధ్యలోనే తీసుకెళ్ళిపోయారు. రెండు వారాల తర్వాత ఆమె కూతురు ఫైలు కోసం వచ్చి, అమ్మ లేదని చెప్పింది. చివర్లో ఏమైనా అందా అని అడిగాను. నీళ్ళు అడిగింది, డాక్టర్లు ఇయ్యనీలేదు అంది.

ఇప్పుడు నాకు డయాలిసిస్‌లో ఏడో ఏడు. ఎడమ చేతి ఫిస్టులా పోయింది, కుడి చేతికి చేశారు. ఎముకలు నొప్పి, మెట్లు ఎక్కలేను. చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం పేరు రాయించాం, పిలుపు రాలేదు. ఎప్పటికైనా వస్తుందని ఈ మధ్య అనుకోవడం లేదు. పాఠం చెప్పడం మానేశాను. లేఖనాలు దేవుడివేనా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ అవుననే అంటాను. మునుపటంత గట్టిగా అనలేను.

ఈ జబ్బుతో ఉన్నవాళ్ళకు ఒక్క సంగతి చెప్పగలను. ఎవరు ఏ పుస్తకం తెరిచి చూపించినా, ఎంత ప్రేమగా చెప్పినా, డయాలిసిస్ ఒక్కసారి కూడా మానకండి. మీ కోసం ప్రార్థన చేస్తామంటే వద్దనకండి. మంచం దగ్గరికే వచ్చి చేయమనండి. నాలుగు గంటల టైము ఉంటుంది.