డిస్పోజల్ మాల్యాద్రి

జువ్వలదిన్నెలో బోటు ఇంజన్లు బాగుచేసే మాల్యాద్రికి ఒక నియమం ఉంది. సైన్యం వాడుకుని, ఇక చాలనుకుని వేలానికి పెట్టిన వస్తువు తప్ప మరో వస్తువు కొనడు. కొత్తదంటే ఆయనకు అనుమానం. కొట్లో తళతళలాడే టార్చిలైటు చేతికిస్తే దాన్ని బరువు చూసి, "ఇది ఏ యుద్ధంలో పనిచేసింది?" అని అడుగుతాడు. కొట్టతను తల గోక్కుంటాడు. మిలిటరీ డిస్పోజల్ వేలం ఎక్కడ జరిగినా, మద్రాసు వైపైనా సికింద్రాబాదు వైపైనా, మొదటి వరసలో మాల్యాద్రి ఉంటాడు. ఊరు ఆయన ఇంటిపేరు ఎప్పుడో మరిచిపోయింది. డిస్పోజల్ మాల్యాద్రి అంటే మాత్రం కావలి దాకా తెలుసు.

ఇందువల్ల ఆయన భార్య గంగాభవాని పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. అన్నం తినే పళ్లెం ఒక సిపాయిది. నీళ్లు తాగే సీసా ఇంకో సిపాయిది. పడుకునే మడతమంచం ఏ హవల్దారుదో, దానికి ఒక కాలు పొట్టి. కప్పుకునే కంబళి కన్నా గోనెసంచి మెత్తగా ఉంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె ముచ్చటపడి ఒక పూల దుప్పటి కొనుక్కుంది. మాల్యాద్రి దాన్ని రెండువైపులా తిప్పి చూశాడు.

"బాగానే ఉండాది. ఎమర్జెన్సీలో మాత్రం నిలబడదు" అన్నాడు.

ఎమర్జెన్సీ అన్న మాట ఆ ఇంట్లో రోజుకు పదిసార్లు వినపడుతుంది. తుఫాను రావచ్చు, ఉప్పెన రావచ్చు, రోడ్లు తెగిపోయి ఊరు ఊరంతా ఇసకదిబ్బల మీద నెల్లాళ్లు బతకాల్సి రావచ్చు. ఆ రోజుకు అన్నీ సిద్ధంగా ఉండాలి. అంటే ఈ రోజు ఏదీ ముట్టుకోకూడదు. గుడారం ఉంది, ఎండలో చేపలు అమ్మేవాళ్లకు నీడగా వేయకూడదు. టార్చి ఉంది, కరెంటు పోతే వెలిగించకూడదు.

"కరెంటు పోయేది ఎమర్జెన్సీ కాదా?" అని ఒకసారి గంగాభవాని నిలదీసింది.

"అది రోజూ పోయేదే గదా. రోజూ జరిగేది ఎమర్జెన్సీ ఎట్టా అవుద్ది?" అన్నాడు మాల్యాద్రి గంభీరంగా. ఆయన ఏం చెప్పినా గంభీరంగానే చెబుతాడు. ఆయన హాస్యమాడగా విన్నవాళ్లు ఆ ఊళ్లో లేరు.

ఆయన సామ్రాజ్యంలోకెల్లా పెద్దది జోంగా. అది జీపుకు అన్నగారి లాంటి మిలిటరీ బండి. ఇసకలో నడుస్తుంది, బురదలో నడుస్తుంది, మోకాలి లోతు నీళ్లలో నడుస్తుంది. ఎక్కడ ఆపితే అక్కడ చారెడు ఆయిలు కారుస్తుంది. ఊళ్లోవాళ్లకు ఆ పేరు నోరు తిరగలేదో, తిరిగీ కావాలనే అన్నారో తెలియదు గానీ, దాన్ని చొంగబండి అన్నారు.

"చొంగ కాదు, జోంగా" అని మాల్యాద్రి ఓపిగ్గా ఊరందరికీ దిద్దబెట్టాడు.

"కార్చేదాన్ని చూస్తే మేం పెట్టిందే సరిపోయిందన్నా" అన్నారు వాళ్లు. గంగాభవాని వాదనలోకి దిగకుండా దాని కింద ఒక సత్తుగిన్నె పెట్టింది.

వీధికి అవతలి వైపు ఆయన అక్క ముసలమ్మ ఇల్లు. అమ్మవారి పేరు కాబట్టి ఉయ్యాల్లో ఉన్నప్పుడు కూడా ఆమె ముసలమ్మే. తుఫానుకు సెల్లు టవర్లు కూలిపోతాయి గనక మాల్యాద్రి రెండిళ్లకూ మిలిటరీ ఫోను తీగ లాగాడు. చేత్తో పిడి తిప్పితే అవతల గంట మోగుతుంది. మొదటి రోజు పిడి తిప్పి, "హలో, అక్కా, వినపడతా ఉండానా? ఓవర్" అన్నాడు.

ముసలమ్మ ఫోను పక్కన పెట్టి గడపలోకి వచ్చింది. "ఎదురుగానే ఉండావు గదరా, ఎందుకు వినపడవు?"

"ఫోన్లో చెప్పాలక్కా. మాట అయిపోయినాక ఓవర్ అనాల."

"నేను అనేదెందుకు, నువ్వు చేసేదంతా ఓవరే గదా" అని ఆమె లోపలికి పోయింది. ఆ ఫోను పనిచేస్తోందో లేదో ఈనాటికీ తేలలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మంచు కోట్లు ఒక ఎత్తు. పోయినేడాది మాల్యాద్రి టార్పాలిన్ పట్టలకని వేలానికి వెళ్లాడు. వేలంలో ఏరుకోవడం కుదరదు, సరుకు మొత్తంగా ఎత్తుకోవాలి. పట్టలతో పాటు పదకొండు ఇనప్పెట్టెలు వచ్చాయి. వాటి నిండా హిమాలయాల్లో కాపలా కాసే సైనికుల తెల్లకోట్లూ, బొచ్చు టోపీలూ, లావాటి గ్లౌజులూ. పెట్టెలు దించుతుంటే బిట్రగుంటలో పాత ఇనుము కొనే చెంగయ్య చూశాడు.

"మనూళ్లో మంచు పడుద్దా అన్నా?" అని వినయంగా అడిగాడు.

"వాతావరణం మారతా ఉండాది గదా" అన్నాడు మాల్యాద్రి.

ఆయన పరీక్షించకుండా ఏదీ లోపల పెట్టడు. రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం కోటూ టోపీ గ్లౌజులూ తొడుక్కుని, గడియారం ఎదురుగా పెట్టుకుని ఎండలో కుర్చీ వేసుకున్నాడు. పది నిమిషాలు కూర్చోవాలని లెక్క. ఏడో నిమిషంలో కళ్లు తేలేశాడు. గంగాభవాని రెండు బిందెల నీళ్లు కుమ్మరిస్తే కళ్లు తెరిచి "పాస్" అన్నాడు.

"ఏంది పాసు?"

"లోపలి వేడి ఒక్క పిసరు బయటికి పోలేదు."

పెట్టెలన్నీ పెరట్లో గదికి చేరాయి. గదికి తాళం పడింది. తాళంచెవి మాల్యాద్రి మొలతాడుకు ఎక్కింది.

ఈ ఏడు గంగాభవానికి ఆ గది కావాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆమె చేపల తట్ట నెత్తిన పెట్టుకుని కావలి బస్సు ఎక్కుతోంది. మెడ నరాలు పట్టేసి, రాత్రిళ్లు పక్కకు తిరగలేకపోతోంది. ఆమె లీడరుగా ఉన్న పొదుపు సంఘానికి చేపల పచ్చడి, ఎండుచేపలు ప్యాకింగు చేసే మిషను మంజూరయ్యే దశకు వచ్చింది. శుక్రవారం పదిగంటలకు ఆఫీసరమ్మ ఉషారాణి వస్తుంది. ఖాళీగా, పొడిగా ఉన్న పక్కా గది చూపించాలి. చూపించలేకపోతే మిషను వేరే ఊరి సంఘానికి పోతుంది. పదిమంది ఆడవాళ్లు గంగాభవాని మొహం చూస్తున్నారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె తన కోసం గట్టిగా కోరుకున్నది ఇదొక్కటే.

"గదిలో సరుకుంది గదా" అన్నాడు మాల్యాద్రి.

"పదిమంది ఆడోళ్ల బతుకు కన్నా ఎక్కువా నీ సరుకు?"

ఆయన మొలతాడుకున్న తాళంచెవి తడుముకున్నాడు. "శుక్రవారం లోపల నేనే ఏదో ఒకటి చేస్తాలే. నువ్వు మాత్రం తాళం జోలికి పోబాక" అని మంగళవారం చొంగబండేసుకుని మద్రాసు వేలానికి వెళ్లిపోయాడు.

ఆ మాట నమ్మే దశ గంగాభవాని ఎప్పుడో దాటింది. బుధవారం పొద్దున చెంగయ్యను పిలిపించింది. మొగుడు వచ్చాక ఇల్లు లేచిపోయినా సరే, గది మాత్రం ఖాళీ కావాలనుకుంది. చెంగయ్య తాళం పగలగొట్టి మొదటి పెట్టె ఎత్తబోయి వెనక్కి తూలాడు. బరువనుకుని బలం పెట్టాడు, అది తేలిగ్గా లేచొచ్చింది. మూత తీస్తే లోపల రెండు కలరా ఉండలున్నాయి. రెండో పెట్టె ఖాళీ. పదకొండూ ఖాళీయే.

"ఖాళీ పెట్టెలు కూడా కొంటాలే వదినా" అన్నాడు చెంగయ్య, ఓదార్పుగా.

ఆ కోట్లు పోతే బాగుండునని ఏడాదిగా మొక్కుకున్న గంగాభవానికి, అవి నిజంగా పోయేసరికి ఏడుపొచ్చింది. ఒక మేకు కనపడకపోతే మూడు రోజులు ముద్ద దిగని మనిషి. పదకొండు పెట్టెల సరుకు దొంగలెత్తుకుపోయారని ఆయనకు ఎలా చెప్పాలి?

"పోయినవి ఆ తెల్లకోట్లూ బొచ్చు టోపీలేనా?" అన్నాడు చెంగయ్య ఉన్నట్టుండి. "రొయ్యల కంపెనీ కాడ ఆడోళ్లు అట్టాంటివే ఏసుకోనుండారు. కంపెనీ ఇచ్చిందేమో అనుకున్నా."

ఇద్దరూ అతని ఆటోలో రొయ్యల కంపెనీకి వెళ్లారు. వాచ్‌మన్ వాళ్లను గేటు దగ్గరే ఆపేశాడు. సరిగ్గా అప్పుడే షిఫ్టు మారింది. గడ్డకట్టించే గది తలుపు తెరుచుకుని తెల్లటి పొగ బయటికి వచ్చింది. పొగలోంచి తెల్లకోట్ల ఆడవాళ్లు, బొచ్చు టోపీలతో, ఒకరి వెనక ఒకరు నెల్లూరు ఎండలోకి నడిచొచ్చారు. మొదటి మనిషి పక్కవీధి సుభాషిణి.

"ఈ కోటు యాడదే?" అని గంగాభవాని ఆమె చెయ్యి పట్టుకుంది.

సుభాషిణి బెదిరిపోయింది. "అన్న నీకు చెప్పబాకమన్నాడొదినా."

"ఏ అన్న?"

"మాల్యాద్రన్నే. ఈ కోట్లు మంచుకొండల్లో పుట్టినవంట గదా. మన ఎండకు ఉంటే ఏడాదిలోపల పొడిపొడి అయిపోతాయంట. చలిలో తిప్పతా ఉండాలంట. ఈ చుట్టుపక్కల చలి ఉండేది మా కంపెనీలోనే గదా. 'మీరు లోపలికి పోయేటప్పుడు కాస్త తొడుక్కోని పోండమ్మా, నా సరుకు కాపాడండి' అని చేతులు పట్టుకోని బతిమాలినాడు. గ్లౌజులు కూడా అట్నే. పాపం, అంత పెద్దమనిషి, కాదనలేక ఒప్పుకున్నాం."

కంపెనీ ముప్ఫై మందికి కలిపి నాలుగు కోట్లు ఇచ్చిందనీ, అవీ చినిగిపోయాయనీ గంగాభవానికి తెలుసు. పోయినేడాది సుభాషిణి వేళ్లు తిమ్మిరెక్కి సూదిలో దారం ఎక్కించలేకపోయిందనీ తెలుసు. మొగుడు వేటకు పోయి తిరిగిరాకపోతే, ఊరు పోగుచేసి పంపిన బియ్యం కూడా తిప్పి పంపేసిన మనిషి ఈ సుభాషిణి. ఊరికే ఇస్తే ప్రాణం పోయినా ఏదీ తీసుకోదు.

"అన్నకు కాస్త ఇది అని ఊళ్లో అనుకుంటారు గదా, అందుకే మేమెవురం బయటికి చెప్పలేదు. నువ్వూ ఆయన్ని ఏమీ అనబాక వదినా" అంది సుభాషిణి. ఆమె చెయ్యి ఇంకా గంగాభవాని చేతిలోనే ఉంది. వెచ్చగా ఉంది. ఈ మనిషితో ఇరవై ఏళ్లు కాపురం చేసి, ఈయన సంగతి నాకే తెలియలేదే అని గంగాభవానికి సిగ్గేసింది. గర్వంగానూ అనిపించింది.

శుక్రవారం పదింటికి ఉషారాణి వచ్చింది. సున్నం వాసన వస్తున్న ఖాళీ గది నాలుగు మూలలూ చూసి సంతకం పెట్టి వెళ్లింది. పదకొండింటికి చొంగబండి వచ్చి ఆగింది. "గూడూరు కాడ ఆగిపోయింది. లేకుంటే నిన్ననే వచ్చుండేవాణ్ణి" అంటూ దిగిన మాల్యాద్రి, తెరిచున్న గది చూసి నిలబడిపోయాడు.

"పెట్టెలు?"

"చెంగయ్యకు ఇచ్చేసినా."

"సరుకు?" అన్నాడు, ఆమె మొహం పరీక్షగా చూస్తూ.

"లేదు. దొంగలు పడినట్టుండారు."

మాల్యాద్రి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "అట్నా. పోతే పోయినాయిలే."

"పోలీసు కంప్లయింటు ఇద్దామా?"

"ఎందుకులే. వాళ్లకేం అవసరం వచ్చిందో."

గంగాభవాని చటుక్కున మొహం తిప్పుకుని బండి వెనక్కి నడిచింది. లోపల మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, నలభై జతలుంటాయి, గుట్టగా పడున్నాయి.

"ఉప్పెన వస్తే పనికొస్తాయని..." అని మొదలుపెట్టి మాల్యాద్రి గది వైపు చూసి ఆగిపోయాడు. "పెట్టేదానికి చోటు లేదు గదా ఇంక."

గంగాభవాని ఒక బూటు తీసింది. రెండువైపులా తిప్పి చూసింది. వేలితో నొక్కింది. "ఈ రబ్బరు ఎండకు ఉంటే పగిలిపోద్ది. నీళ్లలో ఉండాల. హార్బరులో ఐసు దించే ఆడోళ్లు పొద్దస్తమానం ఆ చల్లనీళ్లలోనే నిలబడతారు. వాళ్ల కాళ్లకు తగిలిస్తే నీ బూట్లు పదేళ్లు ఉంటాయి. అడిగి చూస్తా. ఒప్పుకుంటారో లేదో మరి."

మాల్యాద్రి ఆమె చేతిలోని బూటు తీసుకున్నాడు. తర్వాత బండి వెనక తలుపు పూర్తిగా దించి, బూట్లకు జతలు వెతకడం మొదలుపెట్టాడు.

"ఊరికే అడిగితే ఒప్పుకోరు" అన్నాడు గంభీరంగా. "చేతులు పట్టుకోని బతిమాలాల. నీకు రాకపోతే నేను నేర్పిస్తా."