తీసేసిన ఆలస్యం

రేచల్ తల మీద ఎవరు చెయ్యి పెట్టబోయినా చటుక్కున పక్కకి జరిగిపోతుంది. ఇప్పుడామె రాయ్‌పూర్ దగ్గర ఆరంగ్‌లో ఒక కాలేజీలో పిల్లలకి కరెంటు పాఠాలు చెప్పుకుంటోంది. పెద్దవాళ్లు ఆప్యాయంగా దీవించబోయినా అంతే. "ఇంత పొగరేంటమ్మా ఈ పిల్లకి!" అంటారు. పొగరూ కాదు, పాడూ కాదు. వినండి మరి.

రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగింది. తండ్రి సామ్యూల్ కాకినాడ నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి, ఆమె పదో తరగతిలో ఉండగానే పోయాడు. తల్లి కమల ఆసుపత్రిలో నర్సు. దిక్కులేని ఆ ఇద్దర్నీ కడుపులో పెట్టుకుని చూసుకున్నవాడు క్రిస్టోఫర్. రక్తసంబంధమేమీ లేదు. ఒకే చర్చి, ఒకే భాష, అంతే. చుట్టూ హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఊళ్లో ఆ రెండూ కలిస్తే బంధువే. దేవేంద్రనగర్‌లో ఆయనకి చిన్న కంపెనీ ఉంది, మిల్లులకి కరెంటు ప్యానెళ్లు చేసిచ్చేది. రేచల్ ఇంజినీరింగ్ అవగానే "బయట ఎక్కడో ఎందుకురా, నా దగ్గరికొచ్చేయ్" అన్నాడు. ఆఫీసులో కూడా ఆయన్ని బాబాయ్ అనే పిలిచేది.

2019లో దగ్గర్లోని తిల్దా ఊళ్లో ఒక రైస్ మిల్లుకి యాక్టివ్ ఫిల్టర్ చేసిస్తానని క్రిస్టోఫర్ మాటిచ్చాడు. వాళ్లకి అదే మొదటిది. మిల్లు మోటార్లని నడిపే డ్రైవులు కరెంటుని మురికి చేస్తాయి. ఆ మురికి ఎంతుందో ఫిల్టర్ చూస్తుంది, లెక్కేస్తుంది, దానికి సరిగ్గా ఎదురు కరెంటుని లైన్లోకి వదులుతుంది. వదిలాక ఏమైందో మళ్లీ చూస్తుంది, మళ్లీ సర్దుతుంది. వినడానికి హాయిగానే ఉంటుంది. చిక్కల్లా, చూసి లెక్కేసి వదిలేసరికి రవ్వంత ఆలస్యమవుతుంది. కంటికి ఆనని ఆలస్యం. ఆలోపు మురికి ముందుకెళ్లిపోతుంది. తుడవాల్సిన చెయ్యే ఇంకాస్త పూస్తుంది. పూసినదాన్ని చూసి మరీ గట్టిగా తుడవబోతుంది. చర్చిలో మైకు కూత పెట్టడం ఎప్పుడైనా విన్నారా? స్పీకరు శబ్దం మైకులోకి, మైకుది స్పీకర్లోకి తిరిగి తిరిగి, చెవులు చిల్లులు పడేలా! అచ్చం అదే.

రేచల్ మిల్లు మొత్తాన్ని కంప్యూటర్లో బొమ్మలుగా పేర్చి నడిపించి చూసింది. ఆలస్యానికి ఒక చిన్న పెట్టె పెట్టింది. కరెంటు బిల్లు తగ్గడానికి మిల్లువాళ్లు ఎప్పుడో పెట్టుకున్న పాత కెపాసిటర్లున్నాయి, వాటినీ పెట్టింది. అవి లేనంతసేపూ బాగానే ఉంది. కలిపిన మరుక్షణం తెర మీది గీత వణికి, ఉబ్బి, పైకీ కిందకీ ఎగిరి తెర దాటిపోయింది. ఫిల్టర్ ఎంత గట్టిగా ఎదురుకొట్టాలో చెప్పే గెయిన్‌ని సగానికి తగ్గిస్తే నిలబడింది గానీ, అప్పుడు కరెంటు మిల్లువాళ్లకి చెప్పినంత శుభ్రం కాదు.

మిషనేమో అప్పటికే తయారై కూర్చుంది, మిల్లువాళ్లకిచ్చిన గడువూ దగ్గరపడింది. బాబాయ్‌కి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? కూతురు అన్నం కెలుకుతూ కూర్చుంటే కమల ఊరుకుంటుందా? గుచ్చి గుచ్చి అడిగింది.

"మిషను నిలబడట్లేదమ్మా. ఉన్నదున్నట్టు ఆన్ చేస్తే పేలుతుంది. బాబాయ్‌కి నేనే నెమ్మదిగా చెప్తాను. నువ్వెవరితోనూ అనకు."

"నాకెందుకే ఆ గోల!" అంది కమల.

ఆ శుక్రవారం గృహప్రార్థన క్రిస్టోఫర్ ఇంట్లోనే. ప్రార్థన మనవులు చెప్పమన్నారో లేదో, కమల కొంగు తల మీదికి లాక్కుని, "మా రేచల్ చేసే మిషను నిలబడట్లేదంటండి. పేలిపోద్దని పిల్ల బెంగెట్టుకుంది. దేవుడే దాన్ని నిలబెట్టాలి" అనేసింది. ఆమె దృష్టిలో అది ఎవరితోనో అనడం కాదు, దేవుడితో చెప్పుకోవడం. మధ్యలో గదినిండా జనం విన్నారు, అంతే! పక్కనే కూర్చున్న రేచల్‌కి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఆఫీసులో క్రిస్టోఫర్ కోప్పడలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "నాకు చెప్పడానికి భయమేంట్రా పిచ్చిదానా? ఏదీ, చూపించు" అన్నాడు. ఆ ఒక్క మాటకి కరిగిపోయింది. ఎగిరిపోయే గీతని చూపించింది. ఎందుకు ఎగురుతోందో ఆయనకి అర్థం కావాలని, ఆలస్యం పెట్టె తీసేసి మళ్లీ నడిపింది. గీత నున్నగా, ముద్దుగా వచ్చింది.

"చూశారా బాబాయ్, తప్పంతా ఆలస్యానిదే. బొమ్మలో తీసేయగలం గానీ నిజం మిషన్లో తీయలేం."

"ఇదొకటి నాకు పంపు, మిల్లువాళ్లకి ఇలాగే వివరిస్తా. గెయిన్ తగ్గించాకే ఆన్ చేద్దాం. టెన్షన్ మత్ లే, నేను చూసుకుంటా."

పంపింది. పంపదూ మరి! తండ్రి తర్వాత తండ్రిలాంటివాడు అడిగితే.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ, క్రిస్టోఫర్ మైకు దగ్గరికి వెళ్లాడు. ఫోను పైకెత్తి ఆ నున్నటి గీతని అందరికీ చూపించాడు. "కమలమ్మ ప్రార్థన దేవుడు ఆలకించాడు. ఎగిరే గీతని మన రేచల్ చేతులతోనే నిలబెట్టాడు. రేపు పొద్దున్నే బెన్నీ తిల్దా వెళ్లి మిషను ఆన్ చేస్తున్నాడు" అన్నాడు. బెన్నీ కంపెనీలో ఫిట్టరు. చర్చిలో మైకు సెట్టు చూసేదీ అతనే. ఆంప్లిఫయర్ పక్కన కూర్చుని మురిసిపోతున్నాడు.

రేచల్ చటుక్కున లేచింది. నమ్మించి, తను పంపిన బొమ్మతోనే తన గొంతు కోస్తాడా! విసురుగా వెళ్లి మైకు అందుకుంది.

"అది నిజం కాదండీ. ఆలస్యం తీసేసిన బొమ్మ అది. బెన్నీ అన్నా, రేపు నువ్వు..."

మైకు మూగబోయింది. క్రిస్టోఫర్ కనుసైగ చేశాడు, బెన్నీ నాబ్ తిప్పేశాడు. పోనీ, గొంతుంది కదా, అరవబోయింది. అంతలో ఆడవాళ్ల వైపు నుంచి పాట లేచింది. ఎవరైనా సాక్ష్యంలో దారితప్పి మాట్లాడుతుంటే ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారక్కడ, నొప్పించకుండా కూర్చోబెట్టడానికి. ఎత్తుకున్నది కమల. కళ్లు గట్టిగా మూసుకుని, చప్పట్లు కొడుతూ, ఎప్పుడూ లేనంత పెద్దగా. చర్చంతా అందుకుంది.

బయట చెప్పుల దగ్గర బెన్నీని పట్టుకుంది. "అన్నా, నీకు దండం పెడతా. కనీసం కెపాసిటర్లు ఆపేసి ఆన్ చెయ్యి."

"అరే, ఇంకా డర్ ఏంటి చెల్లీ? గీత అందరం చూశాం కదా. మీ అమ్మే పాటెత్తుకుంది!" అని నవ్వేసి బండెక్కాడు.

ఇంట్లో తల్లిని నిలదీస్తే, "ఆయన లేకపోతే మనమెక్కడుండేవాళ్లమే? నలుగుర్లో ఆయన పరువు తీస్తావా?" అంది కమల, కూర వడ్డిస్తూనే. రేచల్ కంచం తోసేసి లేచిపోయింది.

సోమవారం పొద్దున బెన్నీ ఫోనెత్తలేదు. రేచల్ రైలెక్కి, తిల్దాలో దిగి, మిల్లు గేటు దాకా ఒక్క పరుగున వెళ్లింది. కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. "సాబ్ మనా కియే హై, మేడమ్." క్రిస్టోఫర్ ముందే ఫోను చేసి ఆమెని రానివ్వద్దన్నాడన్నమాట. బతిమాలింది, తిట్టింది, గేటు పట్టుకుని ఊపింది. అప్పుడు వినిపించింది. లోపల సన్నగా మొదలై, ఎక్కుతూ, ఇంకా ఎక్కుతూ, అదే మైకు కూత.

"ఆపెయ్ అన్నా!" అని గేటు బయటి నుంచే అరిచింది. ఎవరికి వినిపిస్తుంది? ఢామ్మని కెపాసిటర్లు పేలాయి.

బెన్నీ బతికాడు. రెండు చేతులూ మెడా కాలాయి. రాయ్‌పూర్‌లో కమల పనిచేసే ఆసుపత్రికే తెచ్చారు. సాయంత్రం కమల అతనికి కట్టు కడుతుండగా క్రిస్టోఫర్ చర్చి సంఘంవాళ్లని వెంటబెట్టుకుని వచ్చాడు. రేచల్ మంచం కాళ్ల వైపు నిలబడి ఉంది. ఇప్పుడైనా తప్పు నాదేనని ఒక్క మాట అంటాడు అనుకుంది. పిచ్చిది! అప్పటికీ ఇంకా అనుకుంది.

క్రిస్టోఫర్ నేరుగా ఆమె దగ్గరికొచ్చి తల మీద చెయ్యి పెట్టాడు. బెన్నీ తల మీద కాదు, ఆమె తల మీద. అందరూ కళ్లు మూసుకున్నారు.

"ప్రభువా, మా బిడ్డ చిన్నది. లెక్కలో తప్పు చేసింది. దీన్ని క్షమించు. మేమందరం క్షమించాం."

రేచల్ కదల్లేదు. కళ్లు తెరిచి తల్లి వైపే చూసింది. మిషను నిలబడదని తన తర్వాత లోకంలో మొట్టమొదట తెలిసింది ఆమెకే. కమల కళ్లు కూడా తెరిచే ఉన్నాయి. చేతిలో బెన్నీ కట్టు సగం చుట్టి ఆగిపోయి ఉంది. పెదాలు కదిలాయి. చెప్పేస్తుందనుకుంది రేచల్.

"ఆమేన్" అంది కమల, అందరికంటే ముందు.