సాంచాల గొంతు

మా సాంచాల షెడ్డులో, అంటే మరమగ్గాల షెడ్డులో, ఫ్యాన్లు పెట్టించమని అడగడానికి ఈ రోజు నలుగురం సిరిసిల్లలోని సేటు ఆఫీసుకు వెళ్లాం. పెద్ద సేటు పక్కన, హైదరాబాదులో చదువు ముగించుకొచ్చిన ఆయన కొడుకు కూర్చున్నాడు. మర్యాదగా మాట్లాడాలని దారిలోనే అనుకున్నాం. మా రాజయ్యన్న ఇలా గొంతెత్తాడో లేదో, ఆ కొడుకు కుర్చీలోంచి లేచాడు.

"కొట్లాటకు అచ్చిన్రా మీరు? గిట్ల ఒర్రితె ఎట్ల మాట్లాడాలె?"

పెద్ద సేటు నవ్వాడు. "కూసోరా. ఆయన ఒర్రుతలేడు, బతిమాలుతుండు. సాంచాల సప్పుట్ల మాట్లాడి మాట్లాడి గట్లయింది గొంతు."

ఫ్యాన్లకు ఒప్పుకున్నారు. నాకు మాత్రం దారంతా మా నాయనే గుర్తొచ్చాడు. ఆయనా సాంచాలు నడిపినవాడే. అన్నం దగ్గర రోజూ అమ్మ మీద కోప్పడుతున్నాడని చిన్నప్పుడు భయపడేవాణ్ని. కూర బాగుందని చెబుతున్నాడని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. ఇప్పుడు ఆ కేక వినాలని ఉంది.

మీ ఇళ్లలో ఇలాంటి గొంతు ఎవరిదో చెప్పండి.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపిస్తే, ఆమె అన్నది ఒకటే మాట: "జర మెల్లగ సదువు, పిల్లలు భయపడుతున్రు."