పట్టులంగా మీద ఇటుకల ఆట

ఇటుకల ఆటలో మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా నన్ను ఓడించిన మొనగాడు లేడు. చేతిలో పట్టేంత డబ్బా, దాని బూడిదరంగు అద్దంలో పైనుంచి ఇటుకలు రాలుతుంటాయి. సందు లేకుండా పేర్చాలి. వరుస నిండిందా, అది మాయమై స్కోరు పెరుగుతుంది. నేను కూర్చుంటే ఇటుకలు నన్నడిగి దిగేవి. ఆ ధ్యాసలో నేనుండగా పదో తరగతి నన్ను వదిలేసి తన దారిన తాను పోయింది.

మొనగాడు లేడన్నాను. మొనగత్తె ఉంది. కాలితో కుట్టుమిషన్ తొక్కుతూ, ఒంటిచేత్తో ఆడి నన్ను చిత్తుచేసింది.

వినోదక్క మా పక్క సందులో జాకెట్లు కుట్టేది. పుట్టింది అత్వెల్లి. పెనిమిటి కుర్మయ్య కోళ్లఫారంలో పనిచేసేవాడు. ఒకనాడు మిగిలిన పీలికలన్నీ ముందేసుకుని, "తమ్మి, గివ్వి సుత గట్లనే గదరా. ఏ సందుల ఏది వడ్తదో సూసుకుంటె ఒక్క ముక్క వేస్టు గాదు," అంది. ఆ వారమే ఇటుకలు రాలుతున్న గౌను ఒకటి తయారైంది. తరవాత ఒక జాకెట్ వీపు మీద అద్దాలు పొదిగి ఆటలో లాగానే స్కోరు అంకెలు కుట్టింది. అది వేసుకున్నావిడ బస్సెక్కితే కండక్టర్ టికెట్ నంబరుకు బదులు ఆ అంకెలు రాసుకున్నాడని నేను ఊరంతా చెప్పాను. సగంమంది నమ్మారు కూడా.

కానీ సందులో ఏం కుట్టినా ఎవరు చూస్తారు? వచ్చేవాళ్లంతా ఫాల్ కుట్టు, చంక వదులు చెయ్యి అనేవాళ్లే. అక్క కన్ను మెయిన్ రోడ్డు మీద ఖాళీగా ఉన్న దుకాణపు మడిగె మీద పడింది. దాని ముందు గాజు అద్దం పెట్టించి, లోపల తను కుట్టినవి వేలాడదీయాలి. అదొక్కటే ఆమెకు కావలసింది. ఆ మడిగె జనార్ధన్ పటేల్‌ది. పొలాలమ్మి ప్లాట్లు, ప్లాట్లమ్మి తెల్లబట్టలు వేసినవాడు. రైతుల సొసైటీ ఎన్నికల్లో నిలబడే ఆలోచనలో ఉన్నాడు.

"మా బిడ్డ రక్షితకు బతుకమ్మ పండుగకు లంగ కుట్టు. ఊరంత నోరు దెరవాలె," అన్నాడు. "మడిగె తాళంచెవి నీ చేతుల వెడ్త."

"మాట గద పటేలా?"

"జనార్ధన్ మాటనే."

అక్క మూడ్నెల్లు మిషన్ మీద వేరే బట్ట పెట్టలేదు. పట్టుబట్టకు పేర్చిన బతుకమ్మ ఆకారంలో చిన్నచిన్న ఎల్ఈడీ బల్బులు గుచ్చింది. అడుగున గుమ్మడాకులకు ఆకుపచ్చ, పైన తంగేడుకు పసుపు, ఆ పైన రంగద్దిన గునుగుకు ఎరుపు. వెలిగించడం పెద్ద పని కాదు, వాటిని నడుము నుంచి ఒక్కొక్కటిగా కిందికి రాల్చాలి. గణేశ్ మండపాల దగ్గర లైట్ల బోర్డు వెనక ఒక డ్రమ్ము తిరుగుతుంటుంది. దాని మీది రాగిపట్టీలు ఏ తీగకు తాకితే ఆ లైటు వెలుగుతుంది. ఆ డ్రమ్ము చూపించింది నేనే. నేను లేకపోతే ఆ లంగా పుట్టేదే కాదు! సరే, చూపించడం వరకే నేను. పౌడర్ డబ్బాకు కాగితం చుట్టి, జాకెట్ ముక్కలు కత్తిరించినట్టు రాగిరేకు కత్తిరించి అంటించి, పాత టేప్ రికార్డర్ మోటారుతో దాన్ని తిప్పింది అక్క. అదంతా ఓణీ కింద నడుముకు కట్టే సంచిలో పట్టింది.

ఆటలో ఒక్కో వరుస మాయమవుతుంది. అక్క మాత్రం బతుకమ్మ శిఖరం దాకా నిండాక, రెండుసార్లు మిణికి, మొత్తం ఒక్కసారే మాయమయ్యేట్టు పెట్టింది. మా ఇద్దరికీ అది గెలుపు. అందులో తప్పు ఉంటుందని ఇటుకలతో కళ్లు కాయలు కాసిన మాకు తట్టలేదు. బ్యాటరీ అయిపోకూడదని జనార్ధన్ ఇంట్లో సగం దాకానే నడిపి చూపించాం. వాళ్లమ్మ సత్యమ్మ బుగ్గన వేలేసుకుంది. "అచ్చం తంగేడు పువ్వులేనాయె!"

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దుగూకగానే రక్షిత ఆటలోకి దిగింది. లంగా మీద పూలు రాలుతుంటే చప్పట్లు కొట్టే ఆడవాళ్ల చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ఆకు నిండింది, తంగేడు నిండింది, గునుగు నిండింది. మిణికింది, మిణికింది, మాయమైంది.

"గెలిచినం!" అని అరిచింది నేనొక్కణ్ణే.

సత్యమ్మ తోసుకుంటూ వచ్చింది. "పేర్చిన బతుకమ్మ ఏదే? నా మనుమరాలి ఒంటి మీదికెల్లి ఏడవాయె?"

"యాడికి వోలేదవ్వా, మల్లొస్తది సూడు," అంది వినోదక్క. "నిండితె పోవుడే ఆట. మనం సుత పేర్చి పేర్చి నీళ్లల్ల ఇడుస్తం గద."

"ఇడిసెటిది మనమే! పసుపుకుంకుమ వెట్టి, పాట వాడి సాగదోల్తం. ఆట నడిమిట్ల, ఆడివిల్ల ఒంటి మీద, జెప్పకుండ ఆరిపోతదా?"

"నాకేం గాలేదవ్వా, మంచిగుంది," అని రక్షిత ఏడుస్తోంది. డ్రమ్ము చుట్టు తిరిగొచ్చి ఆకుపచ్చ వరుస మళ్లీ వెలగడం మొదలైంది. సత్యమ్మ అటు చూడలేదు. తీగలు పట్టి గుంజేసింది.

లంగా మార్పించి, మడిచి, తాంబాలంలో పెట్టారు. బతుకమ్మలతోపాటే చెరువులో వదలాలని, వినోదే వదలాలని సత్యమ్మ పట్టుపట్టింది. అక్క మోకాలిలోతు దిగి వదిలింది. మునిగాక కూడా నీళ్లలో ఇంకో వరుస నిండిందని నేను అందరికీ చెబుతుంటాను. అది నా కోత. నీళ్లలో ఏమీ కనబడలేదు.

పండుగయ్యాక అక్క మడిగె కోసం వెళ్లింది. "నాకైతె మస్తు నచ్చింది వినోదా," అన్నాడు జనార్ధన్. "గని అవ్వ మనసు ఇరిగినంక ఏంజేస్త? ఇగ ఎలక్షన్లు గూడ నెత్తిమీదున్నయి."

ఎన్నికల్లో ఓడిపోయాడు. రైతులకు ఎరువు సంచులు అందకుండా చేసినవాడు ఎట్లా గెలుస్తాడు? తప్పు మాత్రం లంగాది అన్నాడు. ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. పెళ్లి జాకెట్లు మొదట ఆగాయి, తరవాత ఫాల్స్ కూడా. అక్క మిషన్ అమ్మేసి, శామీర్‌పేట రోడ్డులో బడి యూనిఫారాలు కుట్టే షెడ్డులో చేరింది. అన్నీ ఒకటే రంగు నిక్కర్లు.

మడిగెలో ఇప్పుడు జనార్ధన్ ప్లాట్ల ఆఫీసు. పైన రంగురంగుల లైట్ల బోర్డు వెలుగుతుంది, ఆరుతుంది. దాని కిందే కుర్చీ వేసుకుని సత్యమ్మ కూర్చుంటుంది.

"అవ్వా, నీ నెత్తిమీద లైట్లు ఆరుతున్నయే!" అన్నాను ఒకసారి.

"గది బోర్డురా పిచ్చోడా. ఆడివిల్లనా?"

పగలబడి నవ్వుతుందని ఈ సంగతి షెడ్డు గేటు దగ్గర అక్కకు చెప్పాను. నవ్వలేదు.

"డ్రమ్ముతోని నడుస్తదా, చిప్పుతోనా?" అని అడిగింది.

"చిప్పే, అక్కా."

"గట్లనా," అంది. లోపల గంట మోగితే టిఫిన్ డబ్బా మూత పెట్టుకుని వెళ్లిపోయింది.