పిట్ట పళ్ళు పీకిన వేళ

మా పల్నాట కోడిపందాలు చాలా జరిగాయి గానీ, ఒక అట్ట పిట్ట నా చేతిలో తిన్నంత దెబ్బ ఏ పుంజూ తినలేదు. వినండి, మీ నవ్వు మీరే ఆపుకోవాలి.

మా తమ్ముడి కూతురు హారిక నరసరావుపేటలో మా ఇంట్లో ఉండి చదువుకుంటోంది. బడిలో సైన్సు ప్రదర్శన అని, రాక్షసి బల్లుల కాలం నాటి కాకంత పిట్టను అట్టతో, ఈకలతో చేసింది. బాగుంటే జిల్లా పోటీకి పంపుతారట. ఆ ధ్యాసలో పిల్ల తిండి కూడా మరిచింది. ఆ పొద్దున బల్లలు సర్దాలని ముందే బయల్దేరింది.

"అత్తా, దాన్ని పెట్టెలో పెట్టి తీసుకురా. ఏం ముట్టుకోమాక."

"నాకు చెప్తావేందే? కోళ్ళ మధ్య పెరిగినదాన్ని!"

నేను బడి మెట్లెక్కలేదు, నాన్న ఇంట్లోనే చదివించాడు. అయితేనేం? గరుత్మంతుడి నుంచి గిన్నెకోడి దాకా పక్షుల సంగతి నాకొకరు చెప్పాలా?

పొయ్యి మీద ఇడ్లీపాత్ర పెట్టి పిట్టను చూశాను. అయ్యో, ముక్కు నిండా బియ్యపు గింజలు! అన్నం పరబ్రహ్మ స్వరూపం కదా, కళ్ళకద్దుకుని ఒలిచి డబ్బాలో వేశాను. రెక్కల్లో తుమ్మముళ్ళు. ఎంత నొప్పో పాపం, పీకేశాను. తోక చీపురంత ఉంటే కత్తిరించాను. బోసిగా ఉందని ఎర్రగుడ్డతో కోడిజుట్టు, నుదుట బొట్టు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు గానీ, నేను కోతి కనబడినా వినాయకుణ్ణి చేసే రకం!

బడిలో పెట్టె తెరిచిన హారిక ముఖం మాడిన పెనమైంది.

"అత్తా! పళ్ళేవి?"

"పిట్టకు పళ్ళేందే, తల్లీ?"

"ఆ బియ్యమే పళ్ళు! ఆ ముళ్ళే గోళ్ళు! ఆ కాలం పిట్టలకు ఉంటయ్యి! చంపావు గదత్తా!"

అంతలో పరీక్షించే మేడం రానే వచ్చింది. "ఏందమ్మా ఇది, కోడిపుంజా?"

స్వామీ, నన్నొదిలేసినా ఫర్వాలేదు, పిల్లను కాపాడు అనుకున్నాను.

హారిక ఏడుపు మింగింది. "ఇంట్లో ఉన్నంతవరకూ పాతకాలం పిట్టే, మేడం. పళ్ళు, రెక్కలకు గోళ్ళు, పొడుగు ఎముకల తోక ఉండేయి. అవన్నీ పోయి ఇప్పటి పక్షులు రావడానికి కోట్ల ఏళ్ళు పట్టింది." నా వైపు వేలు చూపింది. "మా అత్తకు ఒక వాయి ఇడ్లీలు ఉడికేంత సేపు పట్టింది."

మేడం నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. పళ్ళున్న పిట్టను మళ్ళీ ఇంకోటి చేసి, నా పుంజును దాని పక్కన నిలబెట్టి జిల్లాకు తెమ్మంది. ఒకటే షరతు: "పెట్టె మాత్రం మీ అత్త చేతికివ్వొద్దు."

పిల్ల నోట ఆ మాట పలికించిన స్వామికి ఆ సాయంత్రం దీపం వెలిగించి దణ్ణం పెట్టుకున్నాను. గరుత్మంతుడి సాక్షిగా ఒట్టు కూడా వేశాను. ఇక ఏ పక్షి నోట్లోనూ వేలు పెట్టను. పళ్ళుంటే హాయిగా నవ్వుకోనీ!