ఎల్లమ్మ రొట్టె, అమ్మ తొక్కు

"వచ్చేటప్పుడు తొక్కు సీసా మరువకు" అని మా అక్క మొగుడు నర్సింలు బావ ఉత్తరం రాస్తే, బొంబాయిలో కూరలకు కూడా కరువేమో అనుకున్నాను. కామాటిపురాలో ఎల్లమ్మ కాల్చే జొన్నరొట్టెల గురించి ఆయన మూడేళ్లుగా ఊరిస్తున్నాడు. ఈ ఎండాకాలం సెలవుల్లో ఇక ఆగలేకపోయాను. మహబూబ్‌నగర్ నుంచి రాయచూరుకు బస్సులో మూడు గంటలు, అక్కడి నుంచి రాత్రంతా రైలు. దాదర్‌లో దిగి లోకల్ పట్టుకుంటే గ్రాంట్ రోడ్. స్టేషన్ తూర్పువైపు నుంచి ఫోరస్ రోడ్ మీదుగా పావుగంట నడక. అమ్మ నూరిన పండుమిరప తొక్కును దారంతా చంకలోనే పెట్టుకున్నాను. అయినా చొక్కాకు నూనె అంటనే అంటింది.

సాయంత్రం ఆరున్నరకు బావ నన్ను తానుండే చాల్, అంటే వరస గదుల బిల్డింగు, ముందున్న గల్లీలోకి తీసుకెళ్లాడు. ఒక ఇంట్లో కొత్తగా కొన్న కలర్ టీవీ ముందు పిల్లలు ఎగబడుతున్నారు. బిల్డింగు పనుల నుంచి తిరిగొచ్చిన మన పాలమూరు వాళ్లు కాళ్లు కడుక్కుని వరసగా కూర్చున్నారు. ఎల్లమ్మ అమ్మేది ఒట్టి రొట్టే, ఒకటి అర్ధరూపాయి. ఎవరి తొక్కు వాళ్లు తెచ్చి నడుమనున్న పెద్ద పళ్లెంలో వేయాలి, అందరూ అందులోంచే తినాలి. అది తెలియక నేను సీసాను ఒళ్లో దాచుకున్నాను.

"ఏంది బామ్మర్దీ, కోడి గుడ్లను పొదిగినట్టు పొదుగుతున్నవ్? ఇయ్యి ఇటు!" అని బావ లాక్కుని కొంత తొక్కు పళ్లెంలో వేశాడు.

ఆరోజు పొయ్యి ముందు ఎల్లమ్మ లేదు. మణికట్టు నొప్పితో పక్కన కూర్చుంది. ఆమె కొత్త కోడలు శోభ ఇక్కడ మొదటిసారి రొట్టెలు చేస్తోంది. బొంబాయిలోనే పుట్టి, మరాఠీ వాళ్ల నడుమ పెరిగిన పిల్ల.

"దీని రొట్టెలు మీకు నచ్చకుంటె రేపట్నుంచి పొయ్యి అంటియ్యను నర్సింలూ. నా చెయ్యి ఇగ లేస్తలేదు" అంది ఎల్లమ్మ.

తొలి రొట్టె మేస్త్రీ బాలయ్య ముందు పడింది. ఎల్లమ్మ రొట్టె పలుచన అని బావ చెప్పేవాడు. ఇది దానికి రెండింతల మందం ఉంది.

"గిది మన రొట్టె గాదు బిడ్డా, మరాఠోళ్ల భాకర్" అన్నాడు బాలయ్య.

"పక్కింటి ఆయీ నేర్పింది మామా. నాకు గిట్లనే వస్తది" అంది శోభ తల వంచుకుని. నాకు పెద్దాయన మీద ఒళ్లు మండింది.

ఆయన ముక్క తుంచి, పళ్లెంలో ఎర్రగా కనబడిన మా అమ్మ తొక్కు అద్దుకున్నాడు. నమిలేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అబ్బో, ఏం కారం! ఇంకో రొట్టె ఎయ్యి, జల్దీ!" ఆ కారానికి మందం రొట్టే తాళింది. మిగతావాళ్లూ చేతులు చాచారు. పిండి అయిపోయేదాకా శోభకు తల ఎత్తే తీరిక దొరకలేదు.

"రేపు పలుచగ చేస్త మామా" అంది చివరికి.

"ఆ తొక్కు ఒడిసెదాంక గిట్లనే చెయ్యి. గాలోపు పలుచగ చేసుడు మీ అత్త నేర్పుతది."

ఎల్లమ్మ నవ్వుతూ, ఆ నొప్పి చేత్తోనే కోడలి నుదుటికి అంటిన పిండి తుడిచింది.

నా రొట్టెలోకి చింతకాయ తొక్కు, పుంటికూర తొక్కు వచ్చాయి. ఎవరి అమ్మ నూరిందో, ఎవరి భార్య నూరిందో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. పెళ్లి విందులో కూడా ఇంత తృప్తిగా తిన్న గుర్తు లేదు. మీరు వెళ్లేట్టయితే ఆరింటికల్లా చేరండి, సీసా మూతకు గుడ్డ గట్టిగా కట్టండి. దాన్ని వెనక్కి తెచ్చుకుందామని మాత్రం ఆశపడకండి. నాది అక్కడే ఉంది, శోభ పొయ్యి పక్కన.