ఎండిన కాలువలో కొర్రమీను

నా చిన్నప్పుడు మా ఇంటికి నెలనెలా పోస్టులో గాలం వేసేవాళ్ల పత్రిక ఒకటి వచ్చేది. మా తాతయ్య కళ్లకు శుక్లాలు. అందుకని దాన్ని పైకి చదివే ఉద్యోగం నాది. జీతం లేదు, వేయించిన బఠాణీలు ఉండేవి. ఏ చేప ఏ ఎరకు లొంగుతుందో పదేళ్లకే నాకు కంఠతా వచ్చు. బతికిన చేప కనిపిస్తే మాత్రం కెవ్వున అరిచేదాన్ని.

ఆ పత్రిక కాగితం మహా నాసిరకం. తడివేలితో తిప్పితే పేజీ వేలితోనే వచ్చేది. రాసేవాళ్లు మాత్రం గట్లమీద కూర్చునే మనుషులు. మూడు రోజులు కూర్చున్నా ఒక్కటీ పడలేదని కూడా రాసేవాళ్లు. పడలేదని రాసినవాడు పడిందంటే నమ్మొచ్చు అనేవారు తాతయ్య. మా కంకిపాడు కాలువ గట్టున గాలాలు వేసేవాళ్లంతా, "ఈ నెల ఏం రాశాడండీ?" అని ఆయన్నే అడిగేవాళ్లు. ఆయన చెప్పిందే అందరికీ వేదం.

తర్వాత పత్రిక మారింది. మెరిసే అట్ట, రంగుల బొమ్మలు, పేజీ తిప్పితే పొట్లాల్లో అమ్మే ఎరల ప్రకటనలు. చేపలకు ఎర వేయడం నేర్పిన పత్రిక ఇప్పుడు మనకే వేస్తోందని తాతయ్య నవ్వేవారు గానీ చందా మానలేదు. ఒక ఎండాకాలం సంచికలో, ఈ నెల కృష్ణా కాలువల్లో కొర్రమీను విరగబడి పడుతోందని చదివాను. బఠాణీ నా నోట్లోనే ఆగిపోయింది. ఎండాకాలం మాకు కాలువలు కట్టేస్తారు. పైన ఆనకట్ట దగ్గరే నీళ్లు ఆపేస్తారు. ఆ వారం మా కాలువ అడుగున పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

తాతయ్య మళ్లీ చదవమన్నారు. చదివాను. "వీడసలు గట్టుకే రాలేదమ్మా," అన్నారు. ఇన్నాళ్లూ ఎవరి మాటలు మోసుకెళ్లి ఊళ్లో చెప్పానా అని ఆ పూట అన్నం కెలికి వదిలేశారు.

మర్నాడు నా చేత ఆ పత్రికకు ఉత్తరం రాయించారు, మా ఊరి కాలువలో నిన్ననే మూడు కిలోల కొర్రమీను పట్టానని. అక్కడ చదివేవాడుంటే చించేస్తాడు, అచ్చు వేశారంటే చదివే దిక్కే లేదని ఆయన లెక్క. మూడు చాలదనిపించి నేను ఎనిమిది వేశాను. "బైబిల్లో పేతురూ చేపలు పట్టినవాడేగా, ఇట్టాంటి కోతలు కోశాడా?" అంది అమ్మమ్మ వంటింట్లోంచి. నీళ్లే లేనిచోట నీటిమీద రాతలు రాసిన ఘనత మా ఇద్దరిదీ.

వేశారు. ఊరూ పేరూ, పక్కన ఎవరిదో చేప బొమ్మా. గట్టంతా నవ్వింది. తాతయ్య ఒక్కరే నవ్వలేదు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా అరుగు మీద ఒక జంట కూర్చుని ఉంది. సీమ నుంచి ఇబ్రహీంపట్నానికి కొత్తగా ఉద్యోగానికి వచ్చారట. గాలం కర్రతో, అన్నం క్యారేజీతో రెండు బస్సులు మారి వచ్చారు.

"పత్రికలో రాసినారే, అది మీరేనా సామీ?" అన్నాడు ఆయన. "ఆ చోటు రవంత చూపిస్తారా?"

తాతయ్య చెప్పులు విప్పడం కూడా మర్చిపోయారు. "నేనేనండి. అది అబద్ధమండి. వాళ్లు చదువుతున్నారో లేదో చూద్దామని రాశాను. కాలువలో చుక్క నీళ్లు లేవు."

ఆయన కోప్పడలేదు. "అచ్చేసినారు కదా సామీ," అన్నాడు, అంతే. తాతయ్య తల దించుకున్నారు. అమ్మమ్మ భోజనానికి ఉండమని ఎంత బతిమాలినా ఉండలేదు. మంచినీళ్లు మాత్రం తాగి లేచారు. తప్పు ఒప్పుకుంటూ తాతయ్య తర్వాత ఇంకో ఉత్తరం రాయించారు. దాన్ని పత్రికవాళ్లు వేయనే లేదు.

ఆ రోజు ఆ ఇద్దరూ బస్సు వైపు కాకుండా కాలువ వైపు నడిచారు. నేను వెనకాలే వెళ్లాను. అబద్ధమని మేమే చెప్పాక కూడా ఆయన గట్టు మీంచి వంగి, బీటలిచ్చిన అడుగును చాలాసేపు వెతికి చూశాడు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. పత్రికలు చేసే పని ఫోన్లే చేస్తున్నాయి, నా వేళ్లకు కోతలు కోసే దురదా తగ్గలేదు. ఎవరినో దెప్పడానికి ఏదో అల్లి, పంపబోయే ముందు గట్టు మీద వంగిన ఆ వీపు కనిపిస్తుంది. రాసింది చెరిపేస్తాను.